ఆల్మన్ బ్రదర్స్ 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్' (1973): గిటారిస్టు పోయిన చోట పియానో

సాగర్_తీరం · విశాఖపట్నం · గురువారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లకి రాస్తున్నాను. పాత సభ్యులకి మా బ్యాండ్ సంగతి తెలుసు. శని, ఆదివారాలు ఒక చిన్న గదిలో కూర్చుని వాయించుకునే నలుగురం. ఇప్పుడు ముగ్గురమే. మా లీడ్ గిటారిస్టు ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో పోయాడు. 34 ఏళ్లు.

అప్పట్నుంచి ఆరుగురు గిటారిస్టుల్ని పిలిచి విన్నాం. అందరూ చక్కగా వాయించేవాళ్లే. కానీ ఎవరు లీడ్ ఎత్తుకున్నా మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూపులు చూస్తాం. వచ్చినవాళ్ల తప్పేమీ లేదు. మా చెవుల్లో వాడే ఉన్నాడు.

పది రోజుల క్రితం ఒక మిత్రుడు ఈ ఎల్పీ చేతిలో పెట్టి వెళ్లాడు. కథ కొంచెం తెలుసు గానీ రికార్డు మొత్తం వరసగా ఎప్పుడూ వినలేదు. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 1969లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో బ్యాండ్ మొదలైంది. డ్యూయేన్ ఆల్మన్, డికీ బెట్స్ ఇద్దరూ లీడ్ గిటార్లు. డ్యూయేన్ తమ్ముడు గ్రెగ్ పాట, హామండ్ ఆర్గాన్. బెర్రీ ఓక్లీ బాస్. డ్రమ్ములకి ఇద్దరు, బుచ్ ట్రక్స్, జైమో. తర్వాత జార్జియాలోని మేకన్ ఊరికి మకాం మార్చారు. 1971 జులైలో, న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో వాయించిన 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్' అనే లైవ్ రికార్డు వచ్చి పేరు మోగిపోయింది. నాలుగు నెలలు తిరక్కుండానే, అక్టోబర్ 29న డ్యూయేన్ మేకన్‌లోనే మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయాడు. 24 ఏళ్లు.

నన్ను పట్టేసింది ఆ తర్వాత వాళ్లు చేసిన పని. ఇంకో గిటారిస్టుని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు. మిగిలిన ఐదుగురూ అలాగే ఊళ్లు తిరుగుతూ వాయించారు. 1972లో చక్ లెవెల్ అనే 20 ఏళ్ల కుర్రాడిని తీసుకున్నారు. అతను వాయించేది పియానో!

ఇప్పుడు ఈ రికార్డులో 'జెస్సికా' వినండి. కరెంటు అక్కర్లేని ఒక మామూలు అకూస్టిక్ గిటార్ టకటకా నడుస్తూ మొదలవుతుంది. ప్రధాన మెట్టు (ట్యూన్) వచ్చే సరికి బెట్స్ గిటార్‌కి జతగా వచ్చేది ఇంకో గిటార్ కాదు, కీబోర్డులు. ఆ జాగా డ్యూయేన్‌ది అని తెలిసి వింటే గొంతు పట్టుకుంటుంది. అయినా ఆ పాటలో ఏడుపు ఒక్క చుక్క లేదు. ఉదయం పూట కిటికీ తీసినట్టుంటుంది.

అందుకే అడుగుతున్నాను. పోయినవాడి చోటుని అదే వాయిద్యంతో నింపాలా? ఈ రికార్డు గురించి మీకు తెలిసింది చెప్పండి. మా సంగతి గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పండి.


గోల్డ్‌టాప్_57 · హైదరాబాద్ · గురువారం రాత్రి 11:25

సాగర్ గారూ, మీ మిత్రుడి సంగతి ఇప్పుడే తెలిసింది. చాలా బాధగా ఉంది. రెండేళ్ల క్రితం మీరిక్కడ పెట్టిన రికార్డింగులో అతని వాయింపు నాకు బాగా గుర్తుంది. నోటుకీ నోటుకీ మధ్య ఊపిరి తీసుకునేవాడు.

ఈ ఆల్బమ్ నేను ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను. మీరు చెప్పినదానికి ఇంకొక దెబ్బ కలపాలి. ఈ రికార్డు పని నడుస్తుండగానే బెర్రీ ఓక్లీ కూడా పోయాడు. 1972 నవంబర్ 11న. అదే ఊరు, అతనిదీ మోటార్ సైకిల్ ప్రమాదమే, డ్యూయేన్‌కి ప్రమాదం జరిగిన చోటికి కొన్ని వీధుల దూరం. అతని వయసూ 24. దెబ్బ తగిలాక ఆస్పత్రి వద్దని ఇంటికి వెళ్లిపోయాడు, కాసేపటికే పరిస్థితి చేయి దాటింది. అప్పటికి పూర్తయిన పాటలు రెండే, 'వేస్టెడ్ వర్డ్స్', 'ర్యాంబ్లిన్ మ్యాన్'. ఆ రెండింట్లో వినిపించే బాస్ ఓక్లీది. మూడో పాట నుంచి లమార్ విలియమ్స్. అంటే సైడ్ వన్‌లో రెండో పాటకీ మూడో పాటకీ మధ్య ఉన్న ఆ మూడు నాలుగు సెకన్ల నిశ్శబ్దంలో ఒక మనిషి వెళ్లిపోయాడు. నేను సూది అక్కడికి రాగానే మాట్లాడటం ఆపేస్తాను.

బెట్స్ గురించి ఒక మాట. డ్యూయేన్ ఉన్నప్పుడు స్లైడ్, అంటే తీగల మీద గొట్టం జార్చి వాయించడం, ఆయన పని. 'వేస్టెడ్ వర్డ్స్'లో ఆ స్లైడ్ బెట్స్ మీద పడింది. డ్యూయేన్ గాజుసీసా వేలికి తొడిగి నిప్పులు కురిపించేవాడు. బెట్స్ ఆ దారి తొక్కలేదు. తనకొచ్చిన పద్ధతిలో, పాట పక్కనే నడుస్తూ వాయించాడు.

ఆల్బమ్‌లో ఉన్నవి ఏడు పాటలు. నాలుగు బెట్స్ రాసినవి, రెండు గ్రెగ్‌వి, ఒకటి పాత బ్లూస్. అందుకే ఇందులో అమెరికా కంట్రీ సంగీతపు వాసన ఎక్కువ. బెట్స్ చిన్నప్పుడు ఫ్లోరిడాలో ఉకులేలే, మాండలిన్, బాంజో పట్టుకుని పెరిగినవాడు. డ్యూయేన్ ఉన్నంతకాలం ఆ సగం లోపలే ఉండిపోయింది.


ఫిల్మోర్_శ్రోత · తిరుపతి · శుక్రవారం ఉదయం 7:05

సాగర్, ముందుగా మీ బాధలో పాలుపంచుకుంటున్నాను. అయితే రికార్డు విషయంలో నా మాట వేరు, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నాను.

నాకు ఆల్మన్ బ్రదర్స్ అంటే 1971 మార్చి, ఫిల్మోర్ ఈస్ట్. 'విప్పింగ్ పోస్ట్' 23 నిమిషాలు. బాస్ ఒక్కటే మొదలెడుతుంది, పదకొండు దెబ్బల లెక్కతో, ఒక్కొక్కరూ వచ్చి చేరతారు, ఇక ఆ గదిలో గాలి ఉండదు. ఆ బ్యాండ్ నుంచి 'ర్యాంబ్లిన్ మ్యాన్' లాంటి రేడియో పాట వచ్చినప్పుడు నాకు ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. అది బాగుండదని కాదు. వేరే బ్యాండ్ పాటలా ఉంటుంది.

జనం కొన్నారు, నిజమే. ఐదు వారాలు బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానం. 'ర్యాంబ్లిన్ మ్యాన్' సింగిల్స్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. కానీ జనం కొన్నది ఆ పాత బ్యాండ్‌ని కాదు.


గోల్డ్‌టాప్_57 · హైదరాబాద్ · శుక్రవారం ఉదయం 8:50

శ్రోత గారూ, 'వేరే బ్యాండ్ పాటలా ఉంది' అని వాళ్లకే అనిపించింది. ఆ పాట మంచిదని తెలుసు గానీ మరీ కంట్రీ, మన బాణీ కాదని అనుకున్నామని బుచ్ ట్రక్స్ తర్వాత్తర్వాత చెప్పాడు. అయితే రేడియో కోసం 1972లో పుట్టించిన పాట కాదు అది. 1971 ఏప్రిల్‌లో, డ్యూయేన్ బతికుండగానే, బెట్స్ దాని తొలి రూపం పాడిన టేపు ఒకటి తర్వాత బయటికి వచ్చింది. ఆ పాట లోపల ఉన్నదే, బయటికి రావడానికి చోటు దొరికింది.

ఇంకా, చివరి రెండు నిమిషాలు జాగ్రత్తగా వినండి. పాట అయిపోయాక గిటార్లు ఒకదాని మీద ఒకటి జంటగా ఎక్కుతూ పోతాయి. బెట్స్‌తో అక్కడ వాయించింది లెస్ డ్యుడెక్, అతిథిగా వచ్చినవాడు. జంట గిటార్ల పద్ధతి డ్యూయేన్‌తో పోలేదు. రేడియో పాట తోకలో ఫిల్మోర్ ఈస్ట్ ఉంది.


చిన్నూ_బాస్ · గుంటూరు · శుక్రవారం మధ్యాహ్నం 1:15

అన్నా, నాకు 19. బాస్ నేర్చుకుని ఏడాది. మీరందరూ కంట్రీ, బ్లూస్, జామ్ అంటున్నారు, ఈ ఆల్బమ్‌లో ఏది ఎక్కడుందో వినేటప్పుడు ఎలా తెలుస్తుంది? నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్‌లో రెండుసార్లు విన్నాను. నచ్చింది కానీ అంతా కలిసిపోయి వినపడుతోంది.


గోల్డ్‌టాప్_57 · హైదరాబాద్ · శుక్రవారం మధ్యాహ్నం 2:30

చిన్నూ, కలిసిపోయి వినపడుతోందంటే సరిగ్గానే విన్నావు. అయినా దారి కావాలంటే ఇలా పట్టుకో.

ముందు 'జెల్లీ జెల్లీ' పెట్టు. అది అచ్చమైన బ్లూస్. 1940లో ఎర్ల్ హైన్స్ బృందంతో బిల్లీ ఎక్‌స్టైన్ పాడిన పాత పాట. నెమ్మదిగా, రాత్రి పొద్దుపోయాక పాడుకునేది. గ్రెగ్ గొంతు అక్కడ చూడు, అప్పటికి పాతికేళ్లవాడు, యాభై ఏళ్ల బరువుతో పాడతాడు. అన్న పోయి ఏడాది. ఆ గొంతుకి ఇంక వివరణ అక్కర్లేదు. తర్వాత 'పోనీ బాయ్' పెట్టు. ఆల్బమ్‌లో చివరిది. బెట్స్ డోబ్రో వాయించాడు, అంటే మధ్యలో పళ్లెం లాంటి లోహపు రేకు ఉండే గిటార్. ఇంటి అరుగు మీద కూర్చుని వాయించుకున్నట్టుంటుంది. పల్లె సంగీతం, కంట్రీకీ బ్లూస్‌కీ ఇద్దరికీ తాత లాంటిది.

ఆ రెండూ చెవికెక్కాక 'సౌత్‌బౌండ్'కి రా. రాసింది బెట్స్, పాడింది గ్రెగ్, మధ్యలో పియానో, గిటార్ వంతులు వేసుకుని రెచ్చిపోతాయి. జామ్ అంటే అదే.


మోహన_వయొలిన్ · విజయనగరం · శుక్రవారం సాయంత్రం 6:10

నేను కర్ణాటక సంగీతం దాన్ని, మీ రాక్ చర్చల్లో ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను. ఈ దారం (థ్రెడ్) చూశాక 'జెస్సికా' పెట్టుకుని వయొలిన్ తీశాను. రెండు గంటలు పోయాయి.

చిన్నూ, జామ్ గురించి నాకు అర్థమైంది చెప్తాను. మన కచేరీలో కీర్తన ఎవరు పాడినా కీర్తనే. స్వరకల్పన దగ్గరికి వచ్చాక ఆ పూట ఆ మనిషి మనసులో ఉన్నది బయటికొస్తుంది, పక్కవాళ్లు దాన్ని అందుకుని జవాబిస్తారు. వీళ్లు చేస్తున్నదీ అదే జాతి పని. లెక్క వేరు, భాష వేరు, మనోధర్మం ఒకటే.

ఇంకో సంగతి. బ్లూస్ వాయించేవాళ్లు ఎక్కువగా పట్టుకునే ఐదు స్వరాల మెట్లు మన శుద్ధ ధన్యాసివి. కంట్రీలో వినపడే వెలుగంతా మోహనది. మన పిల్లలు 'నిన్నుకోరి' వర్ణంలో నేర్చుకునే మెట్లే. బెట్స్ చేతి కింద ఉన్నది మోహన, కానీ అతను శుద్ధ మధ్యమాన్ని కూడా తాకుతూ ఉంటాడు. మోహనకి ఆ మధ్యమం చేరిస్తే ఆరోహణలో కాంభోజి మెట్లు వస్తాయి! గమకాలు లేవు కాబట్టి అది కాంభోజి కాదు, ఆ పేరు పెట్టను. కానీ నా వేళ్లకి ఆ దారి ముందే తెలుసు. అందుకే అంత త్వరగా చేతికొచ్చింది.

ఇంకా నన్ను ఆపేసింది మధ్యలో శ్రుతి మారడం. పియానో సోలో 'ఏ' శ్రుతిలో నడుస్తుంది. గిటార్ సోలోకి వచ్చేసరికి 'డి'కి జరుగుతుంది. అంటే మధ్యమాన్ని షడ్జంగా పెట్టుకోవడమే, మన మధ్యమ శ్రుతి. ఇల్లు అదే, వేరే గదిలోకి వెళ్లినట్టు. తిరిగి మొదటి మెట్టు వచ్చినప్పుడు సొంత గదిలోకి వచ్చిన సుఖం.


జార్జియా_తెలుగు · అట్లాంటా · శుక్రవారం రాత్రి 9:45

ఇక్కడ మాకు పొద్దున. ఈ దారం చదివి ఊరుకోలేకపోయాను, మేకన్ మాకు 135 కిలోమీటర్లు. గంటన్నర డ్రైవ్.

రెండు సార్లు వెళ్లాను. బ్యాండ్ వాళ్లంతా కుటుంబాలతో కలిసి ఉన్న ఇల్లు, వైన్‌విల్ అవెన్యూలో, ఇప్పుడు మ్యూజియం. బిగ్ హౌస్ అంటారు. రోజ్ హిల్ శ్మశానం ఊరి పక్కనే, గుట్ట మీద నుంచి ఓక్‌మల్గీ నది వైపు దిగుతుంది. నదికి ముందు రైలు పట్టాలు. డ్యూయేన్, ఓక్లీ పక్కపక్కనే ఉన్నారు. 2017లో గ్రెగ్ కూడా అక్కడికే చేరాడు. వీళ్లు బతికున్న రోజుల్లో సాయంత్రాలు ఈ సమాధుల మధ్యే కూర్చుని పాటలు కట్టుకునేవారు. బెట్స్ పాత పాట ఒకదానికి ఎలిజబెత్ రీడ్ అనే పేరు అక్కడి ఒక రాయి మీద నుంచి తీసుకున్నదే. తాము కూర్చున్న చోటే తాము పడుకుంటామని ఎవరికి తెలుసు?

నేను వెళ్లిన రోజు వానొచ్చి వెలిసింది. వాలులో ఎర్రమట్టి చెప్పులకి అంటుకుంటోంది, మన తూర్పుగోదావరి మెట్ట నేల లాగే. కింద గూడ్సు బండి ఒకటి చాలాసేపు పోయింది. నేను ఫోన్‌లో పాట పెడదామనుకుని పెట్టలేదు.

ఊళ్లో హెచ్ అండ్ హెచ్ అనే భోజనశాల ఉంది. చేతిలో డబ్బుల్లేని రోజుల్లో ఈ కుర్రాళ్లకి అక్కడి లూయీస్ హడ్సన్ అన్నం పెట్టింది. మామా లూయీస్ అని పిలిచేవారు. పేరొచ్చాక తమతో టూర్‌కి కూడా తీసుకెళ్లారు. నల్లజాతి స్త్రీ వంటింట్లో, జుట్టు పెంచుకున్న తెల్లకుర్రాళ్లూ నల్లకుర్రాళ్లూ ఒకే బల్ల చుట్టూ. అప్పటి జార్జియాలో అది చిన్న విషయం కాదు.

'ర్యాంబ్లిన్ మ్యాన్'లో చెప్పే 41వ నంబరు హైవే కూడా మేకన్ మీదుగానే పోతుంది. అలంకారానికి వేసిన అంకె కాదు.


జంట_డోళ్లు · వరంగల్ · శనివారం ఉదయం 6:30

జార్జియా అన్నా, మంచి మాట ఎత్తారు. డ్రమ్ముల మనిషిగా జైమో గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆల్మన్‌లకి ముందు ఓటిస్ రెడింగ్ దగ్గర వాయించినవాడు. చెవి జాజ్ వైపు. బుచ్ ట్రక్స్ అలా కాదు, రైలింజను లాగా తిన్నగా తోసుకుపోతాడు. ఒకరు పట్టాలు, ఒకరు గాలి. ఇద్దరూ ఒకే దెబ్బ కొడితే రెండు డ్రమ్ములు ఎందుకు? 'జెస్సికా'లో ఎడమ చెవి, కుడి చెవి విడివిడిగా వినండి, తెలుస్తుంది. మా వైపు డప్పుల్లోనూ అంతే, ఒక డప్పు నడక పట్టుకుంటుంది, రెండోది మాట్లాడుతుంది.

'జెల్లీ జెల్లీ' తిశ్ర నడకలో మెల్లగా సాగుతుంది. మెల్లగా వాయించడం ఎంత కష్టమో డ్రమ్మరునే అడగాలి. ప్రతి దెబ్బకీ మధ్య పడిపోయేంత ఖాళీ ఉంటుంది.

లమార్ విలియమ్స్‌ని తెచ్చింది కూడా జైమోనే. ఇద్దరూ మిసిసిపీలోని గల్ఫ్‌పోర్ట్‌లో చిన్ననాటి స్నేహితులు. లమార్ వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చాడు. ఓక్లీ పోయిన కొద్ది వారాలకే వచ్చి బాస్ పట్టుకున్నాడు. చిన్నూ, నువ్వు బాస్ వాయిస్తున్నావు కదా, రెండో పాటా మూడో పాటా వెంటవెంటనే పెట్టి విను. ఓక్లీ బాస్ లీడ్ గిటార్‌తో మాటకి మాట చెప్తుంది. లమార్ బాస్ కిందకి దిగి నేల కట్టుకుంటుంది. అనుకరించలేదు. 1983లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు, 34 ఏళ్లకే. సాగర్ గారూ, మీ మిత్రుడి వయసు చదవగానే నాకు ముందు లమార్ గుర్తొచ్చాడు.


చిన్నూ_బాస్ · గుంటూరు · శనివారం ఉదయం 10:20

విన్నానన్నా. తేడా తెలిసింది! 'కమ్ అండ్ గో బ్లూస్'లో బాస్ ఎక్కువ మాట్లాడదు, కానీ తీసేస్తే పాట పడిపోతుంది అనిపించింది. ఇన్నాళ్లూ నేను బాస్ అంటే వేళ్లు వేగంగా కదలాలి అనుకున్నాను.

'జెస్సికా' ఎక్కడో విన్నాననిపించింది. మా నాన్న టీవీలో టాప్ గేర్ చూసేవారు, అందులోదేనా?


గోల్డ్‌టాప్_57 · హైదరాబాద్ · శనివారం ఉదయం 11:00

అదే. టాప్ గేర్ ముందు వచ్చేది ఆ మెట్టే. కార్ల పాట అనుకుని చాలామంది పెరిగారు. అసలు అది ఒక పసిపాప పాట. బెట్స్ కూతురి పేరు జెస్సికా. ఒక మెట్టు కోసం తంటాలు పడుతుంటే పాప గదిలోకి వచ్చి ఆడుకుంటోందట. ఆ గెంతులనే గిటార్ మీదకి తెచ్చాడు.

ఇంకో ముడి కూడా ఉంది. జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టుకి 1928లో నిప్పంటుకుని ఎడమ చెయ్యి కాలింది, రెండు వేళ్లు వంకరపోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే సోలోలు వాయించి ప్రపంచం మెచ్చే వాద్యకారుడయ్యాడు. అతనికి నమస్కారంగా, ఎడమ చేతి రెండు వేళ్లతో పలికే మెట్టు కట్టాలని బెట్స్ అనుకున్నాడు. 'జెస్సికా' ప్రధాన మెట్టు అలా వచ్చింది. చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే వాడి ప్రయత్నించండి, పలుకుతుంది. నేను వారం రోజులు అలాగే సాధన చేశాను. ఉన్న వేళ్లతోనే వాయించడం అంటే ఏమిటో చేతికి తెలిసింది.


ఫిల్మోర్_శ్రోత · తిరుపతి · శనివారం రాత్రి 9:30

నిన్నటి నుంచి మీరు రాసినవి చదువుతూ ఆల్బమ్ మూడు సార్లు విన్నాను. 'ర్యాంబ్లిన్ మ్యాన్' విషయంలో నా మాట మారలేదు. తోకలో గిటార్లు అద్భుతం, ఒప్పుకుంటాను. పాట ఒళ్లు మాత్రం నాకు ఇప్పటికీ పలచగానే ఉంది.

కానీ 'సౌత్‌బౌండ్' దగ్గర ఒకటి చెప్పాలి. ఇన్నేళ్లూ నేను ఆ పాటలో లేని గిటార్ కోసం వెతుక్కుంటూ విన్నాను. ఈసారి చక్ లెవెల్ ఎడమ చెయ్యి మాత్రమే విందామని కూర్చున్నాను. ఆ చెయ్యి బాస్‌తో పోట్లాడదు, పక్కన నడుస్తుంది. కుడి చెయ్యి గిటార్ మాటలకి జవాబు చెప్తుంది కానీ గిటార్ లాగా వాయించడానికి ప్రయత్నించదు. 20 ఏళ్ల కుర్రాడు, ఆ కుర్చీ పక్కన కూర్చోవాలంటే ఎంత టెన్షన్ ఉండాలి! అయినా కంగారు లేదు.

అతను వచ్చింది కూడా నేరుగా ఈ బ్యాండ్‌కి కాదు. గ్రెగ్ సొంత ఆల్బమ్ పని మీద వచ్చాడు. పని మధ్యలో మిగతావాళ్లు వచ్చి జామ్ చేసేవారు. అలా కలిసిపోయాడు. ఆడిషన్ పెట్టి ఎంచుకున్నది కాదు. సాగర్, ఆరుగురిని పిలిచి విన్నామన్నారే, ఆ పద్ధతి దగ్గరే ఏదైనా చిక్కుందేమో చూడండి. ఎదురుగా నిలబెట్టి వింటే ఎవరైనా పోయినవాడితో పోటీకి దిగినట్టే ఉంటుంది.


జార్జియా_తెలుగు · అట్లాంటా · శనివారం రాత్రి 11:50

అట్ట గురించి ఎవరూ రాయలేదు. ఎల్పీ చేతిలో ఉంది కాబట్టి సాగర్ గారు చూసే ఉంటారు. ముందువైపు ఎండుటాకుల మధ్య నిలబడ్డ పిల్లాడు బుచ్ ట్రక్స్ కొడుకు వేలర్. వెనకవైపు ఉన్న పాప బ్రిటనీ, బెర్రీ ఓక్లీ కూతురు. రికార్డు దుకాణాల్లోకి వచ్చేసరికి ఆ పాపకి తండ్రి లేడు. అట్ట విప్పితే లోపల బ్యాండ్ వాళ్లు, భార్యలు, పిల్లలు, సామాన్లు మోసే సిబ్బంది అందరూ కలిసి దిగిన ఫొటో. గ్రూప్ ఫొటోలో బ్యాండ్ ఎవరో, ఇంటివాళ్లెవరో విడదీసి చెప్పలేం. 'బ్రదర్స్ అండ్ సిస్టర్స్' అనే పేరుకి అర్థం నాకు పాటల కంటే ఆ ఫొటోలోనే దొరికింది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆల్బమ్ రావడానికి కొద్ది రోజుల ముందు, 1973 జులై 28న, న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్, 'ది బ్యాండ్' అనే రెండు బృందాలతో కలిసి వాయించారు. సుమారు 6 లక్షల మంది వచ్చారని లెక్క. అంత పేరు, అంత డబ్బు ఆ ఇంటిని నిలబెట్టలేదు. 1976కి విడిపోయారు. తర్వాత మళ్లీ కలిశారు, విడిపోయారు, 2014 దాకా ఏదో రూపంలో నడిచారు. 2017లో బుచ్, గ్రెగ్ పోయారు. 2024 ఏప్రిల్‌లో డికీ బెట్స్ పోయాడు, 80 ఏళ్లు. మొదటి ఆరుగురిలో మిగిలింది జైమో ఒక్కడే.


సాగర్_తీరం · విశాఖపట్నం · ఆదివారం ఉదయం 8:15

రాత్రి మా డ్రమ్మరునీ బాసిస్టునీ ఇంటికి పిలిచి మీ పోస్టులన్నీ చదివి వినిపించాను. తర్వాత సైడ్ టూ పెట్టాను. 'పోనీ బాయ్' అయిపోయి సూది లోపలి గాడిలో తిరుగుతున్నా ఎవరూ లేవలేదు.

శ్రోత గారు రాసింది మాకు సూటిగా తగిలింది. నిజమే, మేం వచ్చినవాళ్ల చేత మా వాడు కట్టిన లీడ్‌లే వాయించమన్నాం. ఆరుగురి చేతా! వాళ్లకి మేం ఇచ్చింది చోటు కాదు, పరీక్ష. మా డ్రమ్మర్ ఒక మాటన్నాడు. 'వాడి లీడ్‌లు ఎవరూ వాయించొద్దు. పాటలో ఆ భాగాలు ఖాళీగా వదిలేద్దాం, మనం ముగ్గురం కింద నడుపుదాం.' ఉదయాన్నే వెళ్లి అలాగే ఒక పాట వాయించి చూశాం. ఎనిమిది నెలల్లో మొదటిసారి ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మోహన గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలని ఉంది. మీరు 'జెస్సికా' మీద రెండు గంటలు కూర్చున్నానన్నారు. విజయనగరం మాకు గంటన్నర దూరం.


మోహన_వయొలిన్ · విజయనగరం · ఆదివారం ఉదయం 9:40

సాగర్ గారూ, అడుగుతారేమో అని నిన్నటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. నేను బ్యాండ్‌తో ఎప్పుడూ వాయించలేదు. డ్రమ్ముల పక్కన వయొలిన్ వినపడుతుందా అన్న బెంగ ఉంది. మీ మిత్రుడి పాటల్లో లీడ్‌లు వాయించను, ముందే చెప్తున్నాను. 'జెస్సికా' అయితే వస్తాను. మెట్టు మీ గిటార్‌తో జతగా మూడో స్వరం మీద పట్టుకుంటాను. పియానో భాగం నాకు వదిలేయండి, నాకు తోచింది చేస్తాను.

'డి'కి మారాక ఎవరు ఎత్తుకుంటారో అక్కడ చూసుకుందాం.


గోల్డ్‌టాప్_57 · హైదరాబాద్ · ఆదివారం ఉదయం 10:05

బెట్స్ తర్వాతి ఏడాదే తన సొంత ఆల్బమ్ 'హైవే కాల్'లో వాసర్ క్లెమెంట్స్ ఫిడేలు పెట్టుకున్నాడు. మోహన గారూ, వచ్చే ముందు అది ఒకసారి వినండి. గిటార్‌కి ఫిడేలు ఎక్కడ దారి ఇస్తుందో, ఎక్కడ తీసుకుంటుందో తెలుస్తుంది. శబ్దం సంగతికి బెంగ వద్దు, వయొలిన్‌కి పికప్ (తగిలించుకునే చిన్న మైకు లాంటిది) పెడితే చాలు. డ్రమ్మర్ గారూ, మొదటి రోజు కర్రలు కాకుండా బ్రష్‌లతో వాయించండి.


సాగర్_తీరం · విశాఖపట్నం · ఆదివారం మధ్యాహ్నం 12:30

వచ్చే ఆదివారం పదింటికి. కాంప్లెక్స్ బస్టాండ్‌కి మా డ్రమ్మర్ బండి తీసుకుని వస్తాడు. గదిలో ఆంప్‌లు రెండున్నాయి, నాదొకటి, వాడిదొకటి. వాడిది మీకు పెడతాం. పికప్ మాత్రం మా దగ్గర లేదు, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోగలరా?


మోహన_వయొలిన్ · విజయనగరం · ఆదివారం మధ్యాహ్నం 12:50

తెస్తాను. శ్రుతి 'ఏ'లోనే కదా?